ఆఖరి గంప ఎత్తే చెయ్యి

నా కూతురు పాఠాలు పైకి చదువుతుంది. మనసులో చదువుకుంటే తలకెక్కదట. మాది ఒకటే గది. వెనక వంటకి ఇంత చోటు, ముందు ఇద్దరు కూచునేంత అరుగు. అందుకని దాని పెద్ద చదువంతా నా చెవుల మీంచే పోయింది. సాయంత్రం చేపలమ్ముకుని ఇంటికొచ్చి, కత్తిపీట కడిగి, చేతులకి నిమ్మతొక్క రుద్దుకుంటూ నేను అరుగు మీద కూచుంటాను. అది గుమ్మంలో గోడకి చేరబడి మొదలుపెడుతుంది. రాజ్యం అంటే ఏమిటి. అధికారం ఎక్కణ్ణించి వస్తుంది. ఒక మనిషి ఇంకో మనిషి మాటకి ఎందుకు లోబడాలి. రాజనీతి తత్వశాస్త్రం అంట ఆ చదువు పేరు.

మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది.

“ఎందుకు లోబడాలేటే? లోబడకపోతే తంతారు కాబట్టి. దానికి ఇంత లావు పుస్తకమా?”

“తన్నేవోళ్లు ఎంతమందమ్మా? తన్నులు తినేవోళ్లు ఎంతమంది?” అంది అది, తలెత్తకుండానే. “తినేవోళ్లే ఎక్కువ కదా. మరెందుకు తింటన్నారు?”

 పోవే, నీకూ నీ పుస్తకానికీ పనీపాటా లేదని లోపలికి పోయాను. అది నిజంగానే అడగాల్సిన ప్రశ్న అని నాకు పక్కింటి గొడవ వచ్చాక తెలిసింది. ఆ సంగతే ఇప్పుడు నేను చెబుతుంటే అది రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. నా మాటల్ని సాపు చేసి రాస్తానంది. చెయ్యి గానీ, ఎవరెలా మాట్లాడారో అలాగే ఉంచమన్నాను.

ముందు గంప సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదేదీ తెలియదు.

తెల్లారేసరికి హార్బరుకి బోట్లు వస్తాయి. దింపిన చేపని గుట్టలు పోసి వేలంపాట పెడతారు. పాడుకున్న సరుకు గంపలో వేసుకుంటాం. మీద ఐసు, ఐసు మీద తడిగోనె. ఆటోలు బయటి గేటు దగ్గరే ఆగుతాయి కాబట్టి అంతదూరం నెత్తిమీదే మొయ్యాలి. అలా నిండిన గంపని ఎంత కండ ఉన్న ఆడదైనా తనంతట తాను నెత్తికెత్తుకోలేదు. నడుం దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి. ఇద్దరూ చెరో అంచు పట్టుకుని ఒక్క ఊపు ఊపితే లేచి నెత్తిన చుట్టిన గుడ్డ చుట్టకుదురు మీద కూచుంటుంది. కూచున్నాక ఇక వంగడానికి లేదు. వంగితే సరుకంతా నేలపాలు. అంటే, నువ్వు ఎవరి గంప ఎత్తావో ఆవిడ తిరిగి నీ గంప ఎత్తలేదు. నీకు ఇంకొకరు కావాలి. ఆమెకి మరొకరు. ఇలా ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోగా, చివరికి ఒక ఆడదీ ఒక గంపా మిగిలిపోతాయి.

ఆ ఆఖరి గంప ఎవరెత్తాలి?

మాలో దానికి కట్టుబాటు ఉంది. పాట పాడించే పెద్దాయన ఎత్తాలి. ఆయన మా వాడ పెద్ద కూడా. ఆయన గంప మొయ్యడు, చేతులెప్పుడూ ఖాళీ. జ్వరంలో ఉన్నా, ఎవరి మీద కోపంలో ఉన్నా, ఆఖరి గంప దగ్గరికి లేచి రావాల్సిందే. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు మా అత్త చెప్పింది, “ఆ ముసిలోడు అరుత్తాడని పెద్ద కాదే. ఆకరి గంప ఎత్తుతాడు కాబట్టి పెద్ద.” ఈ మాట నా కూతురికి చెబితే పుస్తకం మూసి చాలాసేపు నా మొహంలోకి చూసింది. అధికారం ఎక్కణ్ణించి వస్తుందని అది చదివిన పాఠం నాలుగైదు పేజీలుందట.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. గడపకో మాట. ఏదైనా తగువొస్తే రాములోరి గుడి ముందు కూచుంటారు. ఇంటికొక మగమనిషి. పెద్దాయన వరసగా గడప గడపనీ అడుగుతాడు. ఒప్పుకుంటున్నారా లేదా చెప్పాలి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. మా ఆయన బతికున్నన్నాళ్లూ మా గడప మాట ఆయనే చెప్పేవాడు. నన్ను అడిగి చెప్పాడని కాదు. కానీ చెప్పొచ్చి నాచేత తిట్లు తినేవాడు. అదీ ఒక రకంగా అడిగినట్టే. ఆయన జ్వరమొచ్చి పెద్దాసుపత్రిలో పోయాడు. పెద్దకర్మ అయ్యాక బోటులో వాటా గురించీ వలల గురించీ ఒక పూటంతా వాదించుకున్నారు. మా గడప మాట ఎవరికి పోవాలన్నది మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది దానంతటదే నడుచుకుంటూ మా మరిది దగ్గరికి పోయింది.

ఇక పక్కింటావిడ. మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. వాళ్లింట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ములొస్తాయి. నాకంటే పెద్దది, అప్పా అని పిలుస్తాను. ఇద్దరం కలిసే హార్బరుకి పోతాం, కలిసే పూర్ణా మార్కెట్లో కూచుంటాం. మొగుడు ఎప్పుడో సముద్రంలో పోయాడు. ఆమె గడప మాట కూడా ఆమెది కాదు, ఆమె బావది.

ఆమె కూతుర్ని మా వాడలోనే ఇచ్చింది. అల్లుడు తాగుతాడు, కొడతాడు. ఒకసారి పెద్దలు కూచుని వాణ్ణి తిట్టి పిల్లని పంపించారు. ఇంకోసారీ అలాగే చేశారు. ఆ తర్వాత పిల్ల చెయ్యి విరిగి వచ్చింది. అప్ప ఈసారి గుడి దగ్గరికి పోలేదు. పిల్లని ఆటోలో కూచోబెట్టుకుని పోలీస్ స్టేషనుకి పోయింది. సాయంత్రానికి వాళ్లొచ్చి అల్లుణ్ణి తీసుకుపోయారు.

కొట్టినవాడి మీద ఎవరికీ జాలి లేదు. నిజం చెప్పాలి కదా, పెద్దాయనే వాణ్ణి వెధవ అన్నాడు. కానీ పెద్దల్ని అడగకుండా స్టేషను గడప తొక్కడం మా వాడలో లేదు. అందుకని అప్ప ఇంటి మీద కట్టు పెట్టారు. కట్టంటే, ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు. నిప్పివ్వకూడదు, నీళ్లివ్వకూడదు. గంప మీద చెయ్యి వెయ్యకూడదు. తప్పొప్పుకుని, కేసు వెనక్కి తీసుకునేదాకా.

ఆ కబురు మరిది తెచ్చాడు. అరుగు ఎక్కకుండా కిందే నిలబడి చెప్పాడు.

“వొదినా, నీ గడప మాట కూడా నానే సెప్పీసినాను.”

“ఏటి సెప్పినావు?”

“ఏటి సెప్తాం. ఒప్పుకున్నామని.”

“గోడకి ఇవతల నానున్నాను. అవతల అదుంది. నా గడప ఒప్పుకుందో నేదో నా గడపకి తెలవదా?”

“అందరూ అన్నారు వొదినా. నానొక్కణ్ణి నేదంటే బాగుంటదా?” అని, కాస్త గొంతు తగ్గించి, “నాలుగు దినాలు మాటాడకు. అదే దిగొత్తాది,” అన్నాడు.

గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అప్ప వింటోందని మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్న హార్బరులో కానాగడత చేపలు బాగా పడ్డాయి. అప్ప కూడా పాడుకుంది. పాట పాడుకోనివ్వకూడదని కట్టులో లేదు, సరుకు అమ్ముడుపోవాలి కదా. గంప నింపుకుని, చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని నిలబడింది. ఎవరివంకా చూడలేదు. నేను ఇంకా ఐసు సర్దుకుంటున్నాను. ఇది అవగానే ఆమె దగ్గరికి వెళ్లాలా వద్దా అని, కప్పిన గోనె తీసి మళ్లీ కప్పాను. అంతలో నా తోటికోడలూ ఇంకొకావిడా వచ్చి, నేనేమీ అనకముందే, నా గంప చెరో పక్కా పట్టుకుని ఎత్తేశారు.

“ఎల్లక్కా ఎల్లు. ఆటో ఎలిపోతాది.”

ఎప్పుడూ నన్ను అంత ముందుగా ఎవరూ పంపలేదు. నా గంప నెత్తికెక్కింది. మెడ బిగుసుకుంది. ఇక వంగలేను. అప్ప నాకు చెయ్యి చాచితే అందేంత దూరంలో నిలబడి ఉంది, ఆమె కాళ్ల దగ్గర గంప ఉంది. నేను కిందికి చూడాలన్నా తల దించలేను, కనుగుడ్లు మాత్రం తిప్పగలను. కాళ్లకి సంకెళ్లు వేస్తారని విన్నాను. నెత్తిన అన్నం పెట్టే గంప పెట్టి కట్టేస్తారని అప్పుడే తెలిసింది.

పెద్దాయన ఆఖరి గంపకి లేవలేదు. వెళ్తూ వెళ్తూ చూశాను. సముద్రం వంక తిరిగి, బయట లంగరేసిన ఓడల్ని చూస్తూ కూచున్నాడు. ఆ ఓడలు ఆయనకి కొత్తా?

అప్ప ఆ రోజు చేపని కొంచెం కొంచెంగా గిన్నెలో పెట్టి గేటు దాకా తిరిగి తిరిగి మోసుకుంది. ఆమె మార్కెట్టుకి చేరేసరికి కొనేవాళ్లు కొనేసుకుని వెళ్లిపోయారు. మేం కూచునే చోట మసాలా దినుసుల కొట్టు సాయిబుగారు ఒకాయన ఉన్నాడు. రోజూ మా గంపలు దింపడానికి ఆయనే చెయ్యేస్తాడు. ఆ రోజు నా గంప దించి, “మీ జోడీ ఏదమ్మా?” అన్నాడు.

“వత్తాది.”

“గొడవ పడ్డారా?”

“మేం పడలేదు బాబూ. మా సేత పడించారు.”

 అప్ప వచ్చాక ఆమె గిన్నె కూడా దించాడు. ఆయనకి మా కట్టు లేదు. మార్కెట్టు చేరితే చేతులున్నాయి. హార్బరులో లేవు. మధ్యలో ఆ గేటు దాకా నడకే మా ప్రాణం తీసింది.

సాయంత్రం నా కూతురు మళ్లీ చదవడం మొదలెట్టింది. ఎవరో దొర, పేరు నాకు నోరు తిరగదు, ఆయన అన్నాడట. నువ్వు ఒక దేశంలో ఉంటున్నావంటే, దాని రోడ్ల మీద నడుస్తున్నావంటే, దాని రూళ్లకి నువ్వు ఒప్పుకున్నట్టే. నోటితో చెప్పక్కర్లేదు. ఇష్టం లేకపోతే వెళ్లిపోయేవాడివి కదా.

నాకు ఒళ్లు మండింది. “ఎక్కడికెళ్తామే? పెందుర్తి ఎల్లనా? అక్కడ ఇల్లు కట్టుకున్నోళ్ల అంట్లు తోముకోనా? ఆనందపురంలో మా సెల్లెలు కూరగాయలమ్ముతాది, అక్కడ సముద్రముందా? పుట్టిన కాణ్ణించి నాకు తెలిసింది సేప. సేప ఎక్కడుంటే నానక్కడుండాల. అది ఒప్పుకోడమా?”

“అదే అమ్మా అడుగుతన్నారు మిగతావోళ్లు కూడా. వెళ్లే దారే నేకపోతే, ఉన్నావు కాబట్టి ఒప్పుకున్నావంటే ఎలాగ అని.”

“మరి ఎవులు గెలిచినారు?”

“ఎవులూ గెలవనేదు. ఇంకా కొట్టుకుంటన్నారు.”

“నీ సదువు తగలెయ్య. తేలని తగువుకి పరీచ్చ ఎందుకు పెడతారే?”

అది పకపకా నవ్వింది. చాలా రోజులకి మా ఇంట్లో నవ్వు. గోడ అవతల మాత్రం ఏ చప్పుడూ లేదు. మామూలుగా అయితే ఏటే ఆ ఇకఇకలు అని అరిచి అడిగేది అప్ప. నా కూతురు కూడా అది గమనించి నవ్వాపింది. మెల్లిగా అంది.

“కట్టు పెట్టినోళ్లు ఐదారుగురు పెద్దలే అమ్మా. ఆళ్లు పెట్టగలిగేది మాట ఒక్కటే. ఆవిడ గంప లెగకుండా ఆపేది ఆళ్లు కాదు. మీరందరూ. నీ సెయ్యి కూడా కలిస్తేనే అది కట్టు. నీ సెయ్యి కలవకపోతే ఉత్త మాటే.”

“నా సెయ్యి కలపనని ఆవిడ గంప ఎత్తీసినాననుకో. నా గంప ఎవులెత్తుతారు?”

 నేను అడిగింది దాన్ని ఓడించాలని కాదు. నిజంగా తెలుసుకోవాలని. దాని పుస్తకంలో ఉందేమో అనుకున్నాను. కాసేపు పేజీలు తిప్పింది కూడా పాపం. ఆఖరికి, “నానొస్తాను. కాలేజీకి పోయే ముందు వచ్చి ఎత్తి పోతాను,” అంది.

“వొద్దు. నాలుగు దినాలు ఎత్తుతావు. ఐదో నాడు గంప నీ నెత్తికే ఎక్కుద్ది. ఎక్కినాక అది దిగదు.”

మరిది ఇంటికి పోయాను. వల బాగుచేసుకుంటున్నాడు. తోటికోడలు నన్ను చూసి పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

“మరిదీ, నా గడప మాట నాకిచ్చీ.”

“మాటేటి వొదినా, గిన్నా తిరిగిచ్చీడానికి?” అని నవ్వబోయాడు. నా మొహం చూసి మానేశాడు. వల పక్కన పెట్టాడు. “నాకు మాత్రం ఇష్టమా? ఆ అప్ప సేతి కూడు తిని పెరిగినోణ్ణి. నాను నేదంటే రేపు నా పడవ ఇసకలోంచి తోసేవోడెవడు? వల లాగేవోడెవడు? ఒక్కణ్ణే సముద్రంలోకి పోతానా?”

“పెద్దాయన్ని అడిగితే?”

“అడిగినాను. అడగనేదనుకున్నావా? ఆయనేటన్నాడో తెల్సా? నాను ఒదిలీమంటే రేపు నా మాట ఎవుడింటాడ్రా అన్నాడు. ఆయనకీ బయమే.”

ఇంటికొస్తూ ఆలోచించాను. మరిదికి పడవ తోసేవాళ్లంటే భయం. పడవ తోసేవాళ్లకి పెద్దాయనంటే భయం. పెద్దాయనకి వీళ్లంతా ఎక్కడ వినరోనని భయం. నాకు నా గంప భయం. తాళం ఎవరి దగ్గర ఉందా అని వెతుక్కుంటూ పోతే, ఎవరి దగ్గరా లేదు. అందరం ఒకరి కొంగు ఒకరు పట్టుకుని కూచున్నాం. ఒకడు విలన్ అయితే వాణ్ణి తిట్టుకుని పడుకునేదాన్ని.

ఎన్నాళ్లని చూస్తాను. అప్ప రోజూ గిన్నెతో మోస్తోంది. ఆమె కూతురు చెయ్యికి సిమెంటు కట్టు, అది సాయం చెయ్యలేదు. హార్బరులో పరాయి కూలీలున్నారు గానీ, వాళ్లకీ పాట దగ్గర పని కావాలి కదా, మొహం తిప్పుకున్నారు. కొళాయి దగ్గర ఆమె బింద పక్కకి జరిపేస్తున్నారు. అప్ప మాత్రం కేసు వెనక్కి తీసుకోలేదు. ఒక సాయంత్రం గోడకి ఆనుకుని, ఎవరితోనూ కాకుండా, గట్టిగా అంది. “నాను దిగొస్తే ఆ గుంటపిల్ల మళ్లీ ఆడింటికి పోవాల. ఈసారి సెయ్యితో పోదు.” నాకు వినపడాలనే అంది. నేను పలకలేదు. పలికితే కట్టు దాటినట్టు. మా గోడ చాలా పల్చన.

ఆ మర్నాడు హార్బరులో నేను గంప నింపుకోగానే తోటికోడలు పరుగున వచ్చింది. నేను గంప అంచు మీద కాలు పెట్టాను.

“నాది తర్వాత.”

“ఏటక్కా, ఆటో...”

“ఆటో పోనీ. నాది తర్వాత.”

అప్ప దగ్గరికి నడిచాను. ఆమె గంప నిండుగా నింపుకోలేదు, గిన్నెతో మోసుకునే అలవాటుకి వచ్చేసింది. నా గంపలోంచి రెండు దోసిళ్లు కవళ్ల చేపలు తీసి ఆమె గంపలో వేశాను. ఎందుకు వేశానో తెలియదు, చేతులకి ఏదో పని కావాల్సొచ్చింది. తర్వాత అంచు పట్టుకున్నాను.

“ఒగ్గెయ్యే,” అంది అప్ప. అన్నాళ్లకి నాతో అన్న మొదటి మాట. “నువ్వూ నాలాగ అయిపోతావు.”

“పట్టుకుంటావా, తన్నమంటావా?”

పట్టుకుంది. లేచింది. అప్ప నెత్తిన గంప కూచుంది.

పాట దగ్గరున్నవాళ్లంతా మా వంక తిరిగారు. ఒకామె మాత్రం, “మొగుడున్నప్పుడు నోరు. ఇప్పుడు సేతులు కూడా ఎక్కువయినాయి,” అంది. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ గబగబా ఒకరి గంప ఒకరు ఎత్తుకుని వెళ్లిపోయారు. ఆఖరికి నా గంప మిగిలింది.

పెద్దాయన వంక చూశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఆ చేతుల్ని ఆయనే చూసుకుంటున్నాడు. లేవలేదు.

అప్ప వెళ్లలేదు. నెత్తిన బరువుతో నా ఎదురుగా నిలబడిపోయింది. “ఎల్లప్పా, నీ సేప పాడైపోద్ది,” అన్నాను. “నోర్ముయ్,” అంది. ఎండ పైకొచ్చింది. ఆమె మెడ నరాలు వణుకుతున్నాయి. గంపలోంచి ఐసునీళ్లు కారి ఆమె చెంపల మీదుగా పోతున్నాయి. వంగి నాకు సాయం చెయ్యలేదు. దించుకుంటే మళ్లీ ఆమెకి ఎత్తాలి, అప్పుడు మళ్లీ నాది మిగులుతుంది. ఎలా తిప్పినా ఒక గంప మిగులుతుంది. ఇద్దరం నిలబడి ఆ లెక్కే చూస్తున్నాం. ఎంతసేపు చూసినా అది మారలేదు.

ఆఖరికి నేను గంపలో సగం చేప కాకులకీ పిల్లులకీ నేల మీద గుమ్మరించేశాను. మిగిలిన సగం మోకాలి మీదకి, మోకాలి మీంచి నడుం మీదకి, నడుం మీంచి నెత్తికి. చంక దగ్గర జాకెట్టు చిరిగింది. ఎక్కింది. సగం గంప ఒక మనిషి ఎత్తుకోగలదు.

ఇద్దరం గేటు దాకా నడిచాం.

ఆ వారంలోనే నా మీద కట్టుకి గుడి ముందు కూచున్నారు. మరిది వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నీ గడప మాట ఏటి సెప్పమంటావు?”

“నువ్వు సెప్పకు. నానే వత్తాను.”

“ఆడోళ్లు రారు వొదినా.”

“రాకూడదని ఎవులన్నారు?”

ఆలోచించాడు. ఎవరన్నారో అతనికీ తెలియదు. ఎప్పుడూ ఎవరూ రాలేదు, అంతే.

గుడి ముందుకి పోయి ఆఖర్న, చెప్పులు విడిచే చోట నిలబడ్డాను. ఎవరూ పొమ్మనలేదు, కూచోమనలేదు. పెద్దాయన గడప గడపా అడుగుతూ వచ్చాడు. ఒప్పుకున్నాం. ఒప్పుకున్నాం. కొందరు తల దించుకుని ఊరుకున్నారు, అదీ ఒప్పుకున్నట్టే. మరిది వంతు వచ్చింది. నేల చూశాడు. నా వంక చూడలేదు. “ఒప్పుకున్నాం,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు మా ఆయన గొంతులాగే ఉంది.

తర్వాత నా గడప. పెద్దాయన ఆగాడు. ఎవరివంక చూసి అడగాలో తెలియలేదు. మరిది వంక చూశాడు, అతను తలెత్తలేదు. అప్పుడు నా వంక చూశాడు.

“నేదు,” అన్నాను. “మా గడప ఒప్పుకోనేదు.”

పాటలో రోజూ అరిచే గొంతు నాది, బొంగురుది. గుడి గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది. ప్రతి గడప మాటనీ అందరికీ వినబడేలా తిరిగి చెప్పడం పెద్దాయన అలవాటు. అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. తెరిచాక ఆపుకోలేకపోయాడు.

“ఆ గడప ఒప్పుకోనేదు,” అన్నాడు.

తర్వాతి గడపని అడిగాడు. కట్టు పడింది. నా ఒక్క మాటతో ఆగిపోతుందని నేనేమీ అనుకోలేదు. కానీ పడినప్పుడు నన్ను అడిగి పడింది. ఈ తేడా చిన్నదో పెద్దదో నాకు తెలియదు. నా కూతురు చాలా పెద్దదంటుంది. అది కొళాయి దగ్గర బింద పట్టుకుని నిలబడి, తన వంతు ఎప్పటికీ రాక, తిరిగొచ్చాక కూడా ఆ మాటే అంది. కాకపోతే కొంచెం చిన్న గొంతుతో.

ఇప్పుడు మేమిద్దరం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఒక రోజు అప్ప నిండు గంప పాడుకుంటుంది, నేను సగం. ఆమెది నేను ఎత్తుతాను, నాది నేను ఎత్తుకుంటాను. మర్నాడు నాది నిండుది, ఆమెది సగం. సగం గంప రోజు సగం కూడే. ఎవరిది ఏ రోజన్నది ఎక్కడా రాసుకోలేదు. మొదట్లో అప్ప అనుమానపడింది. “రేపు నీది నిండుగా ఎత్తించుకుని, ఎల్లుండి నా కాడికి రాకపోతేనే?” అంది. “రాకపోతే ఆ పైరోజు నా గంప ఎవులెత్తుతారు?” అన్నాను. ఆలోచించి, సరేనంది. ఇదే రాజ్యం అంటే, చిన్నది, ఇద్దరిది, అంది నా కూతురు. రాజ్యమో కాదో. దీన్లోంచి కూడా మేం బయటకి పోలేం. ఆమెకి నేను, నాకు ఆమె. జ్వరమొచ్చినా హార్బరుకి పోవాల్సిందే. వాడ పెట్టిన కట్టు ఒక గోడ, ఇది రెండోది.

ఇవాళ పొద్దున్న ఒకటి జరిగింది. అది పెద్ద విషయమని రాయొద్దన్నాను, జరిగింది జరిగినట్టు రాయమన్నాను. నాది సగం రోజు. మోకాలి మీదకి తెచ్చుకుంటున్నాను. నా తోటికోడలు ఇంకా తన గంప ఎత్తించుకోలేదు. నా ముందు నుంచి వెళ్తూ ఆగింది. చేతులు రెండూ కొంచెం లేచాయి. అటు ఎవరో పిలిచారు. వెళ్లిపోయింది. పెద్దాయన అది చూశాడు. చూసి ఓడల వంక తిరిగాడు.

నా కూతురు పరీక్ష అయిపోయింది. ఈ చదువు ఈ కాలానికి పనికొస్తుందా లేదా అని అడిగారట. ఏం రాశావే అంటే, చాలా రాశాను, టైము చాల్లేదు అంది. గుడి ముందు మాట రాశావా అన్నాను. అవి రాయకూడదట. పుస్తకంలోవే రాయాలట. మరి ఇది ఎందుకు రాస్తున్నావంటే, పుస్తకంలో లేదు కాబట్టి అంది.

సరే, చాలు. గోడ అవతల అప్ప దీపం తీసేసింది, మాటలు వినపడితే నిద్రపోదు. రేపు ఆమెది సగం, నాది నిండుది. తొందరగా లేవాలి.